మొదటి అరవై అడుగులు: డ్రాగ్ కారు వెనక సస్పెన్షన్ చేసే పని

బెజవాడ ఆటోనగర్‌లో కమాన్ కట్టలు, అంటే లారీల కింద ఉండే ఇనుప పట్టీల స్ప్రింగులు, కట్టే షెడ్డుకు వెళ్ళి వెనక సస్పెన్షన్ ఎందుకని అడిగితే ఒకటే సమాధానం వస్తుంది: బరువు మోయడానికి. ఎంత లోడుకు ఎన్ని పట్టీలు, ఏ మందం, ఎంత వంపు అన్నది అక్కడివాళ్ళు కాగితం, పెన్ను లేకుండానే చెప్పేస్తారు. డ్రాగ్ రేసు కారు మాత్రం ఏ లోడూ మోయదు. లోపల డ్రైవరు ఒక్కరే ఉంటారు. వెనక సీటు కూడా పీకేసి ఉంటుంది. అయినా ఆ బండిలో గంటల తరబడి కొలిచి, మార్చి, మళ్ళీ కొలిచేది వెనక సస్పెన్షన్‌నే. లారీలో బరువు ముందే వచ్చి కూర్చుంటుంది, దాన్ని మోస్తే చాలు. డ్రాగ్ కారులో వెనక చక్రాలకు కావలసిన బరువు బండి కదిలిన తర్వాత, అర సెకను లోపు రావాలి. అది ఏ దారిలో వస్తుంది, ఎంత త్వరగా వస్తుంది అన్నదే ఈ ట్యూనింగ్ మొత్తం.

ఈ రేసు లెక్క సూటిగా ఉంటుంది. నిలబడిన చోటు నుంచి పావు మైలు, అంటే 1320 అడుగులు, 402 మీటర్లు. కొన్నిచోట్ల అందులో సగం, 201 మీటర్లు. మలుపు ఉండదు, బ్రేకు చివర్లోనే. అమెరికాలో ఈ ఆటను ఒక దారిలో పెట్టిన ఎన్‌హెచ్ఆర్ఏ (నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్) 1951లో మొదలైంది. మన దేశంలో మోటార్ స్పోర్ట్‌కు పెద్ద దిక్కు ఎఫ్ఎంఎస్‌సీఐ, అంటే ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా. పరుగు అయ్యాక ఇచ్చే టైమింగ్ చీటీలో మొత్తం సమయంతో పాటు మొదటి 60 అడుగులకు పట్టిన సమయం విడిగా ఉంటుంది. 60 అడుగులంటే 18 మీటర్ల చిల్లర, రెండు లారీలు వరసగా నిలబెట్టినంత దూరం. ఇక్కడ పదో వంతు సెకను మిగిలితే పావు మైలు చివర్లో దానికి ఒకటిన్నర నుంచి రెండింతలు మిగులుతుందని రేసర్ల అనుభవ లెక్క. ముందుగా అందుకున్న వేగం మిగతా దారంతా బండితోనే ఉంటుంది కాబట్టి ఆ లెక్క నమ్మదగినదే.

ఆ 18 మీటర్లలో ఇంజిన్ శక్తికి కొరత ఉండదు. ఫస్ట్ గేరులో చక్రాల దగ్గరికి చేరే తిప్పుడు బలం, టైర్లు రోడ్డును పట్టుకోగలిగిన దానికంటే ఎక్కువగానే ఉంటుంది. కాబట్టి హద్దు పెట్టేది టైరు పట్టు. ఆ పట్టు రెండు విషయాల మీద ఆధారపడుతుంది: రబ్బరుకీ రోడ్డుకీ ఉన్న రాపిడి, టైరు మీద పడే బరువు. మొదటిది టైరు కొన్నప్పుడే చాలావరకు తేలిపోతుంది. రెండోది చేతిలో ఉందని అందరూ అనుకుంటారు. పొరపాటు సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

"వెనక బాగా కూర్చుంటే గ్రిప్ వస్తుంది" అనే మాట బళ్ళు తెలిసినవాళ్ళ నోట కూడా వినిపిస్తుంది. చూడటానికి అది నిజంలాగే ఉంటుంది. బండి లేచినప్పుడు ముక్కు పైకి ఎత్తి, వెనక భాగం నేలకు అంటుకున్నట్టు కుంగితే, బరువంతా వెనక్కి వచ్చేసిందని కన్ను చెబుతుంది. ఆ నమ్మకంతో వెనక మెత్తటి స్ప్రింగులు వేసి, షాకబ్జార్బర్లు అరిగినవే ఉంచేస్తారు. కానీ వెనక్కి ఎంత బరువు వస్తుందన్నది స్ప్రింగు మెత్తదనం తేల్చదు. దాన్ని తేల్చేవి నాలుగే: బండి మొత్తం బరువు, అది ఎంత జోరుగా ముందుకు దూకుతోంది, గరిమనాభి (బండి బరువంతా ఒకచోట చేరినట్టు లెక్కించే బిందువు) నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది, ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం ఎంత.

అంకెల్లో చూస్తే ఇంకా తేటగా ఉంటుంది. డ్రైవరుతో కలిపి 1200 కిలోల బండి, చక్రాల మధ్య దూరం 2.4 మీటర్లు, గరిమనాభి 55 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. నిలబడి ఉన్నప్పుడు వెనక ఇరుసు మీద 45 శాతం, అంటే 540 కిలోలు. బండి భూమ్యాకర్షణలో 0.8 వంతు త్వరణంతో లేస్తే, 1200ను 0.8తో, 0.55తో గుణించి 2.4తో భాగించాలి. వచ్చేది 220 కిలోలు. వెనక ఇరుసు మీద 760 అవుతుంది. స్ప్రింగు మెత్తదైనా గట్టిదైనా, అసలు స్ప్రింగే లేకపోయినా, అదే త్వరణానికి అదే 220. బాడీ లేచి గరిమనాభి ఇంకో 5 సెంటీమీటర్లు పైకి పోతే 240 అవుతుంది. ఆ 20 కిలోలు ఉపయోగమే, కానీ చూపులకు కనిపించే ఆర్భాటంతో పోలిస్తే చిన్న మొత్తం.

అసలు స్ప్రింగే లేకుండా రేసు ఆడతారా అంటే, ఆడతారు. డ్రాగ్ రేసింగ్‌లో అన్నిటికంటే వేగమైన టాప్ ఫ్యూయల్ బళ్ళకు వెనక సస్పెన్షన్ ఉండదు. వెనక ఇరుసు గొట్టాన్ని, అంటే హౌసింగ్‌ను, నేరుగా ఛాసిస్‌కు బిగించేస్తారు. పొడవాటి ఛాసిస్ వంగడం, పెద్ద టైరు పక్కగోడ ముడతపడటం, ఈ రెండే వాటికి సస్పెన్షన్. కృష్ణా డెల్టాలో దమ్ము చేసే ట్రాక్టరు కూడా ఆ జాతిదే. వెనక ఇరుసు బాడీకి బిగించి ఉంటుంది. పట్టు కోసం టైర్లలో నీళ్ళు నింపుతారు, కేజ్ వీల్స్ వేస్తారు. ముందు లేవకుండా ముక్కు దగ్గర ఇనుప దిమ్మలు తగిలిస్తారు. ఆ బండ్లను చూస్తూ పెరిగినవాళ్ళకు ఇక్కడ చెప్పే సగం సంగతి ముందే తెలుసు.

బరువు ఎంత వస్తుందో లింకులు, పట్టీలు, షాకబ్జార్బర్లు మార్చలేవు. ఆ 220 కిలోలు టైరు దగ్గరికి ఎప్పుడు, ఎంత దెబ్బతో చేరతాయి, చేరాక నిలుస్తాయా లేక ఎగిరిపోతాయా అన్నదే వాటి చేతిలో ఉంది.

బలం నడిచే దారి

వెనక ఇరుసు ఒకే గొట్టంలా ఉండే బండిని తీసుకుందాం. ఇంజిన్ తిప్పుడు ప్రొపెల్లర్ షాఫ్ట్ మీదుగా వచ్చి పినియన్ అనే చిన్న పళ్ళచక్రాన్ని తిప్పుతుంది, పినియన్ క్రౌన్ అనే పెద్ద పళ్ళచక్రాన్ని తిప్పుతుంది. చక్రం ముందుకు దొర్లుతుంటే దానికి బదులుగా హౌసింగ్ వెనక్కి తిరగాలని చూస్తుంది. అంటే పినియన్ ముక్కు పైకి లేస్తుంది. ట్రాక్టరు వెనక చక్రాలు బురదలో కూరుకుని కదలనప్పుడు క్లచ్ ఒక్కసారిగా వదిలితే ముందు చక్రాలు గాల్లోకి లేవడానికి కారణం ఇదే. చక్రం తిరగకపోతే బండే ఇరుసు చుట్టూ తిరుగుతుంది. ఎన్నో ప్రాణాలు తీసిన ఆ బలాన్ని డ్రాగ్ కారులో పనికి పెడతారు.

హౌసింగ్ తిరగకుండా పట్టుకునేవి లింకులు. ఫోర్ లింక్ అమరికలో హౌసింగ్‌కు రెండు వైపులా కింద ఒక రాడ్డు, పైన ఒక రాడ్డు ఉంటాయి. రెండూ ముందుకు వెళ్ళి ఛాసిస్ బ్రాకెట్లకు బిగుస్తాయి. బండి లేచేటప్పుడు కింది రాడ్డు ఛాసిస్‌ను ముందుకు తోస్తుంది, పై రాడ్డు వెనక్కి లాగుతుంది. ఈ రెండు రాడ్లను పక్క నుంచి చూస్తూ ముందుకు గీతలు పొడిగిస్తే అవి ఎక్కడో ఒకచోట కలుస్తాయి. దాన్ని ఇన్‌స్టంట్ సెంటర్ అంటారు. కలిసే బిందువు అనుకుంటే సరిపోతుంది. అక్కడ ఏ బోల్టూ ఉండదు, కానీ వెనక ఇరుసు బండిని ఆ బిందువు దగ్గర పట్టుకుని తోస్తున్నట్టే ప్రవర్తిస్తుంది. ల్యాడర్ బార్ అనే అమరికలో అయితే ఆ బిందువు ఊహ కాదు, బార్ ముందు కొసన ఉన్న బోల్టే.

వెనక టైరు నేలను తాకే చోటు నుంచి ఆ బిందువుకు ఒక గీత గీయాలి. ఆ గీత వాలు నిటారుగా ఉంటే తోపులో పైకి ఎత్తే భాగం ఎక్కువ, చదునుగా ఉంటే తక్కువ. ఈ వాలును గరిమనాభి ఎత్తుకూ చక్రాల మధ్య దూరానికీ ఉన్న నిష్పత్తితో పోల్చి శాతంలో చెబుతారు. అదే యాంటీ స్క్వాట్. పై బండిలో ఆ నిష్పత్తి 0.55ను 2.4తో భాగిస్తే 0.229. కలిసే బిందువు ఇరుసుకు 1.1 మీటర్ల ముందు, నేలకు 25 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే వాలు 0.227, అంటే దాదాపు 99 శాతం. ఆ అమరికలో వెనక భాగం కుంగదు, లేవదు. వచ్చే 220 కిలోలు స్ప్రింగు మీద పడకుండా రాడ్ల గుండానే టైరుకు చేరుతుంది. అదే ఎత్తులో బిందువును 1.5 మీటర్ల దూరానికి జరిపితే 73 శాతం అవుతుంది. మిగతా 27 శాతం స్ప్రింగు కుంగి మోయాలి. 1.1 మీటర్ల దగ్గరే ఉంచి ఎత్తు 33 సెంటీమీటర్లకు పెంచితే 131 శాతం. అప్పుడు బాడీ వెనక భాగం పైకి లేస్తుంది, టైరు కిందికి నొక్కుకుంటుంది.

కన్ను చెప్పే దానికి పూర్తిగా ఎదురు సంగతి ఇది. వెనక కుంగుతున్న బండిలో బరువు స్ప్రింగు నొక్కుకునే వరకు ఆగి, నెమ్మదిగా టైరును చేరుతోంది. వెనక లేస్తున్న బండిలో రాడ్లు టైరును వెంటనే రోడ్డుకు అదుముతున్నాయి. కుర్చీ మీద నుంచి చటుక్కున పైకి లేచేవాడి పాదాలు ఆ క్షణంలో నేలను ఎక్కువగా నొక్కినట్టు, బాడీ పైకి లేవడం మొదలైన క్షణంలో టైరు మీద అదనపు దెబ్బ కూడా పడుతుంది.

అయితే యాంటీ స్క్వాట్ పెంచేస్తే చాలా? చాలదు, ఇక్కడే తొందరపాటు నష్టం చేస్తుంది. పైకి లేచే బాడీ ఎక్కడో ఒకచోట ఆగాలి. ఆగే క్షణంలో ముందు ఇచ్చిన అదనపు బరువును తిరిగి తీసేసుకుంటుంది. షాకబ్జార్బర్ చివరిదాకా సాగి టక్కుమని ఆగితే చక్రాన్ని కూడా పైకి లాగుతుంది. అందుకే మొదటి మీటరు బ్రహ్మాండంగా లేచిన బండి నాలుగో మీటరు దగ్గర చక్రాలు ఊరికే తిప్పేస్తుంది. పొడి రోడ్డు మీద, మామూలు రేడియల్ టైర్లతో, క్లచ్ కొట్టి వదిలే మాన్యువల్ గేరు బండికి 131 శాతం అవసరానికి మించిన దెబ్బ. 100కు అటూ ఇటూ మొదలుపెట్టి, టైరు ఎంత తట్టుకుంటుందో చూసుకుంటూ పెంచడమే క్షేమం. రబ్బరు పూసిన ట్రాక్, మెత్తటి పక్కగోడలున్న స్లిక్ టైర్లు (గాడులు లేని రేసు టైర్లు) ఉంటే ఇంకా పైకి పోవచ్చు.

వెనక చక్రాలకు ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉన్న కార్లలో రెండు చక్రాలకూ బలం పంచే డిఫరెన్షియల్ ఛాసిస్‌కే బిగించి ఉంటుంది. హౌసింగ్ తిరిగే బలం లింకులకు రాదు. అందువల్ల ఆ గీతను నేల నుంచి గీయకూడదు, చక్రం మధ్య నుంచి గీయాలి. ఫలితంగా శాతం చాలా పడిపోతుంది. ఆ బళ్ళు కుంగడానికి కారణం అదే.

కమాన్ కట్టల బండి

మన దగ్గర వెనక చక్రాలతో నడిచే బండిని ఎవరైనా డ్రాగ్‌కు సిద్ధం చేస్తున్నారంటే దాని కింద పట్టీలుండే అవకాశం ఎక్కువ. అంబాసిడర్ వెనక పట్టీలే, జిప్సీకి ముందూ వెనకా పట్టీలే. వీటికి ఫోర్ లింక్ వేయాలంటే ఛాసిస్‌కు బ్రాకెట్లు వెల్డింగ్ చేయాలి, కొలతలో కొన్ని మిల్లీమీటర్ల తేడా వస్తే బండి పక్కకు లాగుతుంది. పట్టీలతోనే బాగా లేపే మార్గాలు ఉండగా అంత దూరం పరుగెత్తడం అనవసరం.

పట్టీ ఒక్కటే రెండు పనులు చేస్తుంది: స్ప్రింగు అదే, లింకూ అదే. హౌసింగ్ తిరగబోయినప్పుడు పట్టీ ముందు సగం ఒక వైపు, వెనక సగం మరో వైపు వంగి పాములా మెలిక పడుతుంది. ఆ మెలికలో శక్తి దాచుకుని, టైరు జారగానే ఒక్కసారిగా వదిలేస్తుంది. మళ్ళీ టైరు పట్టు దొరకగానే మళ్ళీ మెలిక. సెకనుకు ఎన్నోసార్లు ఇలా జరిగి వెనక చక్రాలు దబదబా ఎగురుతాయి. ఈ గెంతుడులో యాక్సిల్ విరగవచ్చు, క్రౌన్ పినియన్ పళ్ళు రాలిపోవచ్చు. ఇరుసును పట్టీలకు బిగించే యూ బోల్టులు వదులైతే సెంటర్ బోల్టు తెగి ఇరుసు జరిగిపోతుందన్నది ఏ లారీ మెకానిక్‌కైనా తెలిసిన సంగతే. డ్రాగ్ లాంచ్‌లో, అంటే బండి గీత నుంచి దూకే క్షణంలో, అదే ప్రమాదం ఒక్క సెకనులో జరుగుతుంది.

దీనికి మందు పట్టీ ముందు సగాన్ని గట్టిపరచడం, వెనక సగాన్ని వదులుగా ఉంచడం. ముందు సగం లింకు పని చేస్తుంది కనుక అది వంగకూడదు. వెనక సగం స్ప్రింగు పని చేస్తుంది కనుక అది ఆడాలి. ముందు సగానికి క్లాంపులు దగ్గరదగ్గరగా బిగించి, వెనక క్లాంపులు తీసేస్తే ఖర్చు లేకుండా సగం ఫలితం వస్తుంది. అమెరికాలో క్రైస్లర్ కంపెనీ 1960ల్లో సూపర్ స్టాక్ పేరుతో అమ్మిన పట్టీలు ఈ సూత్రం మీదే తయారయ్యాయి. ముందు సగం పొట్టి, గట్టి. పైగా కుడి కట్టా ఎడమ కట్టా ఒకేలా ఉండవు. ఆ కుడి ఎడమల తేడా ఎందుకో కింద చూద్దాం. పినియన్ ముక్కు పైన ఒక రబ్బరు దిమ్మ పెట్టి, ముక్కు లేచినప్పుడు అది ఫ్లోరుకు ఆనుకునేలా చేయడం కూడా ఆ బళ్ళలో పేరుపడ్డ ఉపాయమే.

మరో ఉపాయం ట్రాక్షన్ బార్. హౌసింగ్ కింద యూ బోల్టు ప్లేటుకు ఒక గట్టి బార్ బిగించి ముందు కన్ను (పట్టీ ముందు కొసన బోల్టు పట్టే చుట్ట) కిందిదాకా తీసుకెళతారు. కొసన రబ్బరు ఉంటుంది. హౌసింగ్ తిరగబోతే బార్ లేచి పట్టీ ముందు కన్నుకు ఆనుకుంటుంది, మెలిక ఆగిపోతుంది. ఇంకా మెరుగైన రకంలో ముందు కన్ను దగ్గర ఒక త్రికోణపు ప్లేటు ఉంటుంది. బార్ దాన్ని ముందుకు తోస్తే అది తిరిగి పట్టీ ముందు సగాన్ని పై నుంచి నొక్కుతుంది. అంటే హౌసింగ్ ఎంత గట్టిగా తిరగాలని చూస్తే టైరు అంత గట్టిగా రోడ్డుకు అదమబడుతుంది. ఆటోనగర్‌లో లేత్, వెల్డింగ్, మంచి ఇనుము పక్కపక్కనే దొరుకుతాయి కాబట్టి ఇది ఇక్కడ చేయించుకోలేని వస్తువేమీ కాదు. చేయించేటప్పుడు వెల్డింగ్ కంటే బోల్టు రంధ్రాల బిగువు మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి.

బిగువు మాట ఊరికే అన్నది కాదు. గుంటూరు, కృష్ణా పల్లెల్లో బండలాగుడు పోటీలు చూసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. గొలుసు వదులుగా ఉండగా ఎడ్లు దూకితే గొలుసు బిగుసుకున్న క్షణంలో కుదుపు తగిలి గిట్టలు జారతాయి. గొలుసు బిగువు మీద ఉండగా వంగి లాగితే బండ కదులుతుంది. అరిగిన బుష్, ఆట ఉన్న యూ జాయింట్, సాగిన బోల్టు రంధ్రం, ఇవన్నీ ఆ వదులు గొలుసులే. ఏ ట్యూనింగ్‌కైనా ముందు వెనక భాగంలో ఉన్న ఆటంతా తీసేయాలి. ఆట ఉన్న బండికి పెట్టిన సెట్టింగ్ ఏదైనా రెండో పరుగుకు వేరేలా పనిచేస్తుంది.

పినియన్ కోణం గురించి క్లుప్తంగా చెబితే చాలు. లాంచ్‌లో ముక్కు లేస్తుంది కాబట్టి నిలబడి ఉన్నప్పుడు ప్రొపెల్లర్ షాఫ్ట్ గీతకంటే కొంచెం కిందికి వాల్చి పెడతారు. గట్టి ఫోర్ లింక్‌కు ఒకటి రెండు డిగ్రీలు, పట్టీలకు ఐదారు డిగ్రీల వరకు. పూర్తి బలం పడ్డప్పుడు రెండూ ఒకే గీతలోకి రావాలన్నదే ఉద్దేశం.

కుడి టైరు ఎందుకు తేలిపోతుంది

నున్నటి రోడ్డు మీద గట్టిగా లేపితే రెండు నల్ల గీతలు పడాల్సిన చోట ఒక్కటే పడుతుంది. ఎక్కువసార్లు అది కుడి వైపుదే. ఇంజిన్ బండి పొడవునా అమర్చి ఉండి వెనక చక్రాలకు బలం పంపే మామూలు బండిలో ప్రొపెల్లర్ షాఫ్ట్ హౌసింగ్‌ను కూడా తనతో పాటు తిప్పాలని చూస్తుంది. వెనక నుంచి చూస్తే అది గడియారం ముల్లుకు ఎదురు దిశ. అంటే ఎడమ చక్రం కిందికి, కుడి చక్రం పైకి. ఇంజిన్ 200 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తే, ఫస్ట్ గేరు నిష్పత్తి 3.5 అయితే షాఫ్ట్ మీద 700. చక్రాల మధ్య వెడల్పు 1.3 మీటర్లయితే కుడి టైరు మీద దాదాపు 55 కిలోలు తగ్గి, ఎడమ టైరు మీద అంతే పెరుగుతుంది. బాడీ కుడి వైపుకు వాలడం వల్ల ఇందులో కొంత భాగం స్ప్రింగుల ద్వారా తిరిగి వస్తుంది, కానీ మొత్తం రాదు.

ఓపెన్ డిఫరెన్షియల్ ఉంటే తేలిన కుడి చక్రం తిరిగిపోతుంది, ఎడమ చక్రం ఊరుకుంటుంది. లాక్ అయ్యే డిఫరెన్షియల్ ఉంటే రెండూ తిరుగుతాయి కానీ బరువున్న ఎడమ చక్రం ఎక్కువ తోసి బండి ముక్కును కుడికి తిప్పుతుంది. వాడుకలో ఉన్న మందు కుడి వెనక వైపు ముందుగానే కొంత బరువు ఎక్కించి పెట్టడం. ఫోర్ లింక్‌లో కుడి వైపు పై రాడ్డు పొడవును కాస్త సవరిస్తారు. స్ప్రింగు లోపల గాలి సంచి ఉంటే కుడి దాంట్లో గాలి ఎక్కువ పెడతారు. పట్టీల బండిలో కుడి కట్టకు ఒక పట్టీ ఎక్కువ వేస్తారు. క్రైస్లర్ పట్టీల్లో కుడి ఎడమలు వేరుగా ఉండటానికి కారణం ఇదే. వీటన్నిటికంటే శుభ్రమైన మార్గం వెనక గట్టి యాంటీ రోల్ బార్, అంటే బాడీ పక్కకు వాలకుండా ఆపే కడ్డీ. అది హౌసింగ్ తిరుగుడును బాడీకే అప్పగించి రెండు టైర్ల మీద బరువు దాదాపు సమానంగా నిలుపుతుంది.

ముందు చక్రాలతో నడిచే కారుకు ఇదంతా తలకిందులు. బరువు వెనక్కి పోవడమే అక్కడ నష్టం. వెనక స్ప్రింగులు, షాకబ్జార్బర్ల కుంగుడు గట్టిగా పెడితే వెనక భాగం కుంగడం తగ్గుతుంది, బరువు పోవడం మాత్రం ఆగదు. బండి ఎత్తు తగ్గిస్తే మాత్రం లెక్క నిజంగా మారుతుంది.

కాలాన్ని సర్దేది షాకబ్జార్బరే

లింకుల కోణాలు బలానికి దారి వేస్తే, ఆ దారిలో ఎంత వేగంగా నడవాలో చెప్పేది షాకబ్జార్బర్. రెండు వైపులా సర్దుకోగలిగిన రకంలో కుంగుడుకు ఒక నాబ్, సాగుడుకు ఒక నాబ్ ఉంటాయి. యాంటీ స్క్వాట్ 100 దాటిన బండిలో వెనక షాకబ్జార్బర్ లాంచ్‌లో సాగుతుంది. సాగుడు మరీ వదులుగా ఉంటే దెబ్బ మొత్తం మొదటి క్షణంలో టైరు మీద పడి, టైరు పక్కగోడ నలిగి, తర్వాత బంతిలా పైకి తన్నుతుంది. మరీ గట్టిగా ఉంటే బాడీ లేవక, టైరుకు దెబ్బే తగలక, మొదటి అడుగులోనే చక్రం తిరిగిపోతుంది. దెబ్బ పడ్డాక వచ్చే రెండో ఘట్టం కుంగుడు నాబ్‌ది. లేచిన బాడీ మళ్ళీ కిందికి పడకుండా, టైరు తిరిగి తన్నకుండా పట్టుకునేది అదే. కుంగే బండిలో పాత్రలు తారుమారవుతాయి. అక్కడ కుంగుడు నాబే బరువు వచ్చే వేగాన్ని నడుపుతుంది.

పై నుంచి చూసేవాళ్ళకు రెండు తప్పులూ ఒకేలా కనిపిస్తాయి, "చక్రం తిరిగిపోయింది" అంటారు. ఎక్కడ తిరిగింది అన్నదే అసలు ప్రశ్న. గీత దగ్గరే తిరిగితే దెబ్బ చాలలేదు, లేదా టైరు తట్టుకోలేనంత ఒక్కసారిగా పడింది. నాలుగైదు మీటర్ల తర్వాత తిరిగితే వచ్చిన బరువు నిలవలేదు. దీన్ని తేల్చడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. ఫోనులో సెకనుకు 240 ఫ్రేముల వీడియో పెట్టి, బండి పక్కన టైరు మధ్య ఎత్తులో నిలబెట్టి తీస్తే చాలు. మడ్‌గార్డు అంచుకూ టైరుకూ మధ్య సందు, టైరు పక్కగోడ ముడత, ఈ రెండింటినీ ఫ్రేము తర్వాత ఫ్రేము చూస్తే సంగతంతా బయటపడుతుంది.

వాతావరణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మే నెలలో బెజవాడ ఎండకు నల్ల రోడ్డు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. ఆ వేడికి షాకబ్జార్బర్ నూనె పలచబడి పొద్దున పెట్టిన సెట్టింగ్ మధ్యాహ్నానికి వదులవుతుంది, టైరులో గాలి పెరుగుతుంది. ప్రతి పరుగుకు ముందు గాలి చూసుకోకపోతే షాకబ్జార్బర్ మీద తీసుకున్న నిర్ణయాలన్నీ తప్పుదారి పడతాయి. గాలి తగ్గించే విషయంలో మామూలు రోడ్డు టైర్లకూ స్లిక్‌లకూ పోలిక లేదు. స్లిక్‌లను చాలా తక్కువ గాలితో నడుపుతారు. రోడ్డు టైరును అలా నడిపితే రిమ్ము మీద జారిపోతుంది.

కొలతకు కాటా

ఈ లెక్కలన్నిటికీ పునాది బరువు కొలత. ఊళ్ళో లారీలు తూచే కాటా మీద ముందు చక్రాలు ఎక్కించి ఒకసారి, మొత్తం బండి ఎక్కించి ఒకసారి తూస్తే ముందు వెనక పంపకం తెలుస్తుంది. డ్రైవరు సీట్లో ఉండాలి, పెట్రోలు రేసు రోజు ఎంత ఉంటుందో అంతే ఉండాలి. బ్యాటరీని ముందు నుంచి డిక్కీలోకి మార్చడం లాంటి పనుల విలువ అక్కడ కనిపిస్తుంది. 15 కిలోల బ్యాటరీని 2.8 మీటర్లు వెనక్కి జరిపితే వెనక ఇరుసు మీద 17 కిలోలకు పైగా పెరుగుతుంది. ఉన్న బరువు చోటు మార్చడంతోనే వచ్చే లాభం ఇది.

కానీ లారీ కాటా 5, 10 కిలోల మెట్టులో చదువుతుంది. నాలుగు మూలల బరువు విడివిడిగా కావాలంటే అది పనికిరాదు. గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు తూచే తరహా ఎలక్ట్రానిక్ కాటాలు నాలుగు, ఒక్కోటి 500 కిలోల సామర్థ్యంతో, సమతలంగా ఉన్న గచ్చు మీద పెడితే ఆ పని అవుతుంది. గరిమనాభి ఎత్తు కొలవడానికి కూడా ఇవే కావాలి. వెనక చక్రాలను అర మీటరు పైకి లేపి, స్ప్రింగులు ఆడకుండా షాకబ్జార్బర్ల చోట గట్టి రాడ్లు బిగించి, ముందు చక్రాల మీద పెరిగిన బరువు చూస్తారు. మన 1200 కిలోల బండిలో ఆ పెరుగుదల 28 కిలోలు మాత్రమే. పది కిలోల తప్పు దొర్లితే ఎత్తు లెక్కలో 9 సెంటీమీటర్ల తేడా వస్తుంది, యాంటీ స్క్వాట్ శాతం అర్థం లేనిదైపోతుంది. ఇక్కడ తొందరపడి తీసిన అంకె మీద ఎన్ని లింకులు మార్చినా వృథా.

ఈ పరీక్షలు చేయాల్సిన చోటు మూసిన ట్రాక్, లేదా అనుమతి తీసుకున్న రన్‌వే. జాతీయ రహదారి మీద తెల్లవారుజామున చేసే పరుగులు మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. లింకులు, పట్టీలు మార్చిన బండిని రోడ్డు మీద నడపడమే 52వ సెక్షన్ దగ్గర చిక్కు తెస్తుంది. ట్రాక్ దాకా ట్రక్కు మీద తీసుకెళ్ళడం సరైన పద్ధతి. పట్టు తప్పిన బండి పక్కకు తిరిగితే ఆపడానికి ఉన్న సమయం అర సెకను కూడా కాదు. ఆ అర సెకనులో పక్కన ఎవరూ ఉండకూడదు.

ట్రాక్ మీద రోజంతా గడిపినా పది పన్నెండు మంచి పరుగులు దొరకడం గొప్ప. అందుకే వరస ముఖ్యం. ముందు టైరు గాలి తేల్చుకోవాలి. తర్వాత బండి నిటారుగా పోతోందా చూసి కుడి వైపు బరువు సర్దాలి. ఆ తర్వాతే సాగుడు నాబ్, దాని తర్వాత కుంగుడు నాబ్. ఒక్కో పరుగుకు ఒక్కటే మార్పు, ఒక్కో మార్పుకు కనీసం రెండు పరుగులు. ఇవన్నీ అయినా 60 అడుగుల సమయం కదలకపోతే అప్పుడు ఛాసిస్ బ్రాకెట్‌లో రాడ్డు బిగించే బోల్టు రంధ్రం మార్చాలి. అది మార్చిన వెంటనే పినియన్ కోణం మళ్ళీ కొలవాలి, ఎందుకంటే రాడ్డు ఒక రంధ్రం జరిగితే కోణం కూడా జరుగుతుంది. నోటుపుస్తకంలో రంధ్రాల అంకెలు, నాబ్ క్లిక్కులు, రోడ్డు వేడి, వేడెక్కాక టైరు గాలి, 60 అడుగుల సమయం ఒకే వరసలో రాసి ఉంటే వచ్చే నెల ఇంకో ట్రాక్‌లో మొదటి పరుగుకే బండి సగం దారిలో ఉంటుంది.